మాకు దొరికిన మెయిడెన్

ఐరన్ మెయిడెన్‌కి యాభై ఏళ్లు నిండాయి. 1975లో క్రిస్మస్ రోజున తూర్పు లండన్‌లోని లేటన్‌లో స్టీవ్ హారిస్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు మొదలుపెట్టిన హెవీ మెటల్ బ్యాండ్ అది. ఈ యాభై ఏళ్ల సంబరం కోసం 2025 మే నెలలో బుడాపెస్ట్ నుంచి పెద్ద టూర్ మొదలుపెట్టారు. సెట్‌లిస్ట్, అంటే కచేరీలో వాయించే పాటల వరస, ముందే తెలుసు, వాళ్లే చెప్పారు. మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే వాయిస్తారట. అంటే 1980 నుంచి 1992 దాకా వచ్చినవి. 2000 తర్వాత వచ్చిన ఆరు ఆల్బమ్‌ల నుంచి ఒక్క పాటా లేదు.

నాకు కోపం రాలేదు. పాత పాటల కోసం ప్రాణం పెట్టేవాళ్లు లోకమంతా ఉన్నారు, యాభై ఏళ్ల పండగకి వాళ్లకి వాళ్ల పాటలు వినిపించడం న్యాయమే. కానీ ఆ లిస్టు చదువుతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది, మా హాస్టల్ గది గుర్తొచ్చింది, కొన్ని రైళ్లు, బస్సులు గుర్తొచ్చాయి. వాటిలో మోగినవన్నీ ఆ లిస్టులో లేని పాటలే. ఎనభైల మెయిడెన్ మా కంటే ముందువాళ్లది. మాకు దొరికింది 2000 తర్వాతి మెయిడెన్. దాని గురించే రాయాలనిపించింది.

*

అనంతపురంలో మేముండే సందు చివర వేరుశనగ మిల్లు ఉండేది. నాయన అందులో మిషన్ చూసుకునే పని. సీజన్‌లో రాత్రిళ్లు కూడా మిల్లు నడిచేది. కాయలు ఒలిచే మిషన్ చప్పుడు మా గోడల్లోంచి, మంచం కోళ్లలోంచి వచ్చేది. పొట్టు దుమ్ము, మట్టి, కొంచెం నూనె కలిసిన వాసన నాయన చొక్కాలకు ఎప్పుడూ ఉండేది. స్టీవ్ హారిస్ బేస్ గిటార్ మొదటిసారి విన్నప్పుడు నాకు అది కొత్తగా అనిపించలేదు. ఆ వేళ్లతో కొట్టే మూడు దెబ్బల పరుగు, వెనక నిక్కో మెక్‌బ్రెయిన్ డ్రమ్స్, మా మిల్లు మిషన్ పట్టాలెక్కి ఎక్కడికో బయలుదేరినట్టు ఉండింది.

క్యాసెట్లు తెచ్చేది మా పెదనాన్న కొడుకు శీనన్న. బెంగళూరులో ఉద్యోగం. పండగలకు వచ్చేటప్పుడు బ్రిగేడ్ రోడ్డులోని మ్యూజిక్ వరల్డ్ కవర్ ఒకటి చేతిలో ఉండేది. అమ్మకు అందులో స్వీటు డబ్బా ఉందేమోనని ఆశ, నాకు క్యాసెట్ ఉందేమోనని ఆశ. మా ఊళ్లో అప్పట్లో ఇంగ్లీష్ క్యాసెట్ అంటే సుభాష్ రోడ్డు షాపుల్లో మైకేల్ జాక్సన్, ఆ పక్కన పాత డిస్కో పాటలు. అంతకు మించి కావాలంటే బెంగళూరు వెళ్లాల్సిందే.

అన్న తెచ్చిన ఆ క్యాసెట్ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’. 2000 మే నెలాఖరులో వచ్చింది. మాకు చేరేసరికి ఎండలు పోయి వానల కోసం చూసే రోజులు. అట్ట మీద లండన్ నగరం, దాని పైన మేఘాల్లో ఎడ్డీ ముఖం. ఎడ్డీ అంటే వాళ్ల ప్రతి ఆల్బమ్ అట్ట మీదా ఉండే ఆ పిశాచం బొమ్మ. అమ్మ ఆ బొమ్మ చూసి దాన్ని దేవుడి గూటికి దూరంగా పెట్టమంది. పెట్టాను.

పాట పెట్టే ముందు అన్న కథంతా చెప్పాడు. గాయకుడు బ్రూస్ డికిన్సన్ 1993లో బ్యాండ్ వదిలి వెళ్లడం, ఆ తర్వాత బ్లేజ్ బేలీ అనే ఆయన వచ్చి రెండు ఆల్బమ్‌లు పాడడం, జనం తగ్గడం, 1999లో బ్రూస్‌తో పాటు గిటారిస్ట్ ఏడ్రియన్ స్మిత్ కూడా తిరిగి రావడం. అప్పటిదాకా ఆ చోట వాయిస్తున్న జానిక్ గెర్స్‌ని పంపించెయ్యకుండా ముగ్గురు గిటారిస్టులతో ముందుకు పోవాలని నిర్ణయించుకున్నారని అన్న ఎంత ఉత్సాహంగా చెప్పాడంటే, నేను ఒక్క పాట వినకముందే ఆ బ్యాండ్ మీద గౌరవం పెట్టుకున్నాను. ఎవరినీ తీసెయ్యలేదు. ఉన్న ముగ్గురికీ చోటు చేశారు. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన నాకు ఆ సంగతి బాగా నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది.

బ్లేజ్ బేలీని చాలామంది తక్కువ చేసి మాట్లాడతారు. నాకు అది ఇష్టం ఉండదు. ‘సైన్ ఆఫ్ ది క్రాస్’, ‘ది క్లాన్స్‌మన్’ ఆయన కాలంలో వచ్చినవే. ఆ తర్వాతి మెయిడెన్‌కు ఉన్న నిదానం, ఆ చీకటి, నెమ్మదిగా మొదలై పది నిమిషాలు నడిచే పాటల పద్ధతి, అన్నిటికీ పునాది ఆ రెండు ఆల్బమ్‌ల్లోనే పడింది.

టూ-ఇన్-వన్‌లో వేసి ప్లే నొక్కితే ‘ది వికర్ మ్యాన్’ మొదలైంది. పారిస్‌లోని గియోమ్ టెల్ స్టూడియోలో, కెవిన్ షిర్లీ నిర్మాతగా, అందరూ ఒకే గదిలో కలిసి వాయిస్తూ రికార్డు చేసిన ఆల్బమ్ అది. ఆ విషయం తర్వాత ఎప్పుడో చదివాను గానీ మనుషులు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకుంటూ వాయిస్తున్నారన్నది ఆ చిన్న స్పీకర్లలో కూడా తెలిసిపోయేది. కరెంటు పోతే బ్యాటరీలు వేసేవాళ్లం. బ్యాటరీలు వీక్ అయ్యేకొద్దీ బ్రూస్ గొంతు సాగిపోయేది. అప్పుడు ఆపేసి, వాటిని మిద్దె మీద ఎండలో పెట్టి, సాయంత్రం ఇంకో రెండు పాటలు వినేవాళ్లం.

*

నేను తెలుగు మీడియం. పాటల్లో ఏం చెబుతున్నారో వినగానే అర్థమయ్యేది కాదు. క్యాసెట్ లోపలి మడత కాగితంలో పాటలన్నీ చీమతల అక్షరాల్లో ఉండేవి. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పాటా నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకునేవాణ్ని. నా ఇంగ్లీష్ అంతా అలా వచ్చిందే. ఓడ నడిపేవాడు, ఎడారిలో తిరిగేవాడు, అద్దాల్లో కలలు కనేవాడు, ఒక్కొక్కరూ ఆ నోట్‌బుక్‌లోంచి లేచి వచ్చేవారు.

‘బ్లడ్ బ్రదర్స్’ హారిస్ తన నాన్న పోయాక ఆయన్ను తలచుకుంటూ రాసిన పాట. ఒక సాయంత్రం నాయన డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అదే మోగుతోంది.

“ఏందప్పా ఇది, ఆ మనిషి అరుస్తాండాడా, ఏడుస్తాండాడా?” అన్నాడు.

“వాళ్ల నాయన చచ్చిపోతే రాసినాడంట నాయనా.”

“అట్లనా. అయితే కొంచెం సౌండు పెట్టు.”

వరండాలో కూర్చుని పాట అయిపోయేదాకా విన్నాడు. ఏమీ అనలేదు. అమ్మ సంగటి పెట్టి పిలిస్తే లేచి వెళ్లాడు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ “ఆ నాయన పాట ఉందా?” అని అడిగేవాడు. పేరు ఆయనకు తెలీదు, అవసరమూ లేదు.

*

‘డాన్స్ ఆఫ్ డెత్’ 2003 సెప్టెంబర్‌లో వచ్చింది. అప్పటికి నేను ఇంజినీరింగ్ హాస్టల్లో పడ్డాను. క్యాసెట్ల కాలం అయిపోతోంది. శీనన్న ఒరిజినల్ సీడీ కొన్నాడు, మాకు మాత్రం బెంగళూరు మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్లో దొరికే ఎంపీత్రీ సీడీలే గతి. ఒక్క సీడీలో వంద పాటలు, వాటి పేర్లలో సగం తప్పులు. మా హాస్టల్లో కంప్యూటర్ ఉన్నది ఓబులేసు గదిలో ఒక్కటే. తాడిపత్రి నుంచి వచ్చినవాడు, వాళ్లకు బండల వ్యాపారం. ఆ గదిలో విన్‌యాంప్ తెరిచి ఉంచితే రాత్రంతా ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. ఒక మూల ఘంటసాల కావాలనేవాడు, ఇంకో మూల చిరంజీవి పాటలు కావాలనేవాడు, మధ్యలో మేమిద్దరం మెయిడెన్.

ఆ ఆల్బమ్ అట్ట చాలా పేలవంగా ఉంటుంది. కంప్యూటర్ మీద సగం చేసిన బొమ్మను అలాగే అచ్చు వేశారు, గీసిన డేవిడ్ ప్యాచెట్ తన పేరు కూడా వేయొద్దన్నాడు. కానీ అట్ట చూసి ఆ ఆల్బమ్‌ని పక్కన పెట్టినవాళ్లు ‘పాషెండేల్’ని పోగొట్టుకున్నారు. 1917లో బెల్జియంలో బురదలో జరిగిన యుద్ధం మీద ఏడ్రియన్ స్మిత్, హారిస్ కలిసి రాసిన ఎనిమిదిన్నర నిమిషాల పాట. మొదట్లో గిటార్, దాని కింద తాళం మీద సన్నటి టిక్ టిక్. ఎక్కడో దూరంగా ఏదో కదులుతున్నట్టు. ఆ తర్వాత ఒక్కసారిగా ముగ్గురు గిటారిస్టులూ మీద పడతారు. చచ్చిపోతున్న సిపాయి తనే చెబుతున్న కథ అది. యుద్ధం గురించి పాడేవాళ్లు చాలామంది వీరత్వం పాడతారు. ఇందులో ఉన్నది భయం, తడి, చలి, చుట్టూ తన వయసు పిల్లలు పడిపోవడం. ఓబులేసు వాళ్ల మామ ఒకాయన మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. ఈ పాట విన్నాక వాడు ఆ సెలవుల్లో ఇంటికి వెళ్లి ఆయన్ను మొదటిసారి ఆ రోజుల గురించి అడిగాడట. ఆయన ఏం చెప్పాడో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ ఆల్బమ్ ఆఖరి పాట ‘జర్నీమ్యాన్’ పూర్తిగా అకూస్టిక్ గిటార్ల మీద నడుస్తుంది. అంతకు ముందు మెయిడెన్ అలాంటిది ఎప్పుడూ చేయలేదు. పరీక్షలప్పుడు తెల్లవారుజామున చదువు ఆపి ఆ పాట పెట్టుకునేవాళ్లం. ఆల్బమ్ మొత్తం ఒకే మెట్టులో ఉందని నేను అనను, రెండు మూడు పాటలు లేకపోయినా నష్టం లేదు. ఆ రెండు మాత్రం ఉండాలి.

*

2006లో ‘ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’ వచ్చింది. ఈ ఆరింటిలో నా దృష్టిలో ఇదే శిఖరం. మొత్తం డెబ్బై రెండు నిమిషాలు. యుద్ధం, మతం, దేవుడి పేరు మీద జరిగే చావులు, అణుబాంబు, ఫ్రాన్స్ తీరాన దిగిన సైనికులు. రికార్డింగ్ అయ్యాక మాస్టరింగ్ అనే చివరి మెరుగు పెట్టకుండా, స్టూడియోలో వినిపించింది వినిపించినట్టే వదిలేశారు. అందుకే అందులో డ్రమ్స్ గది గోడలు తగిలి వస్తున్నట్టు ఉంటాయి. ఆ ఏడాది టూర్‌లో ఆల్బమ్ మొత్తాన్నీ మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వాయించారు. పాత పాటలు కావాలని జనం గొణిగినా వినలేదు. ముప్పై ఏళ్ల వయసున్న బ్యాండ్ కొత్త పాటల మీద అంత నమ్మకం పెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు.

‘ఫర్ ది గ్రేటర్ గుడ్ ఆఫ్ గాడ్’ అనే పాట తొమ్మిది నిమిషాలకు పైనే ఉంటుంది. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. అన్నిసార్లు అవసరమా అని అడిగేవాళ్లున్నారు. అవసరమే అంటాను. అది ప్రశ్న. జవాబు రాని ప్రశ్నని మనిషి ఒక్కసారి అడిగి ఊరుకోడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు శీనన్న ఫోన్ చేశాడు. “రేయ్, వస్తాండారు రా. బెంగళూరుకే.” నేను నమ్మలేదు. మెయిడెన్ అంతకు ముందు ఇండియాకు ఎప్పుడూ రాలేదు. 2007 మార్చి 17, ప్యాలెస్ గ్రౌండ్స్. అనంతపురం నుంచి మేము కొంతమందిమి ప్యాసింజర్ రైలెక్కాం. ధర్మవరంలో ఒక గుంపు ఎక్కింది, హిందూపురంలో ఇంకొంతమంది. నల్ల టీషర్టు చూస్తే చాలు పలకరింపులు. హైదరాబాద్ నుంచి కాచిగూడ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చినవాళ్లు, చెన్నై నుంచి, కేరళ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి రెండు మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చినవాళ్లు మేఖ్రీ సర్కిల్ దగ్గర కలిశారు. అంతమంది మనలాంటి వాళ్లు ఉన్నారని మాకు అప్పటిదాకా తెలీదు. మా ఊళ్లో ఆ సంగీతం వినేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి.

ముందు ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ వాయించింది. వయొలిన్ ఉన్న రాక్ బ్యాండ్. వాళ్ల వాయింపు మెయిడెన్ వాళ్లకు నచ్చి అదే ఏడాది ఇంగ్లండ్‌లో డౌన్‌లోడ్ ఫెస్టివల్‌కు పిలిపించారు. స్టీవ్ కూతురు లారెన్ హారిస్ కూడా పాడింది. చీకటి పడ్డాక లైట్లు ఆరిపోయాయి. ‘డిఫరెంట్ వరల్డ్’ మొదలైంది. కొత్త ఆల్బమ్ మొదటి పాట. నా చుట్టూ ఉన్నవాళ్లందరికీ ప్రతి మాటా నోటికి వచ్చు! విదేశాల్లో జనం కొత్త పాటలకు గొణిగారని చదివాం కదా, ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ మాటే లేదు. మాకు కొత్త పాటా పాత పాటా అన్న తేడా లేదు. అన్నీ కళ్లెదుట మొదటిసారే వింటున్నాం. ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ వచ్చినప్పుడు గిటార్ కన్నా ముందు జనమే ఆ రాగం ఎత్తుకున్నారు. నా పక్కన ఒకాయన, యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్లు తుడుచుకుంటూ పాడుతున్నాడు. ఎనభైల నుంచి ఎదురుచూసి ఉంటాడు.

బయటికి వచ్చేసరికి గొంతు లేదు. మెజెస్టిక్ బస్టాండ్‌కి చేరితే అక్కడ ఒక టీ కొట్టు ముందు మనుషులు గుంపులు గుంపులుగా నిలబడి టీవీ చూస్తున్నారు. ప్రపంచకప్ మ్యాచ్, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇండియా బంగ్లాదేశ్ మీద ఆడుతోంది. 191కే ఆలౌటయ్యాం, వాళ్లు కొట్టేస్తున్నారు. అందరూ తలలు పట్టుకుని ఉన్నారు. ఇంకో రోజైతే నేనూ అక్కడే కూలబడేవాణ్ని, క్రికెట్ అంటే మాకు అంత పిచ్చి. ఆ రాత్రి మాత్రం అనంతపురం బస్సెక్కి, కిటికీ తెరిచి, చల్లగాలికి ముఖం పెట్టి, పెనుకొండ కొండలు వచ్చేదాకా ఎవరమూ మాట్లాడుకోలేదు. మాట్లాడదామన్నా గొంతులు లేవు.

*

2008 ఫిబ్రవరిలో ముంబైకి వచ్చారు, ఈసారి తమ ప్రత్యేక విమానంలో. బోయింగ్ 757కి పక్కన ఎడ్డీ బొమ్మ వేసి, బ్రూస్ డికిన్సనే పైలట్‌గా నడుపుకుంటూ. పాటగాడు అంత పెద్ద విమానం నడపడం అంటే శీనన్న వాళ్ల ఆఫీసులో ఎవరూ నమ్మలేదట. ఉత్త సరదా కాదు, ఆయన ఎయిర్‌లైన్‌లో కెప్టెన్‌గా పనిచేసిన మనిషి. ముంబైకి నేను వెళ్లలేకపోయాను, అప్పుడే హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను, లీవ్ దొరకలేదు. 2009లో మళ్లీ బెంగళూరు వచ్చారు.

‘ది ఫైనల్ ఫ్రాంటియర్’ 2010 ఆగస్టులో వచ్చింది. ఎనభైల్లో తమ మంచి ఆల్బమ్‌లు కొన్ని చేసిన బహామాస్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోకి వెళ్లి రికార్డు చేశారు. మొదటి సగం నాకు అంత పట్టదు. రెండో సగం మొదలయ్యాక, ‘స్టార్‌బ్లైండ్’, ‘ది టాలిస్మన్’, ఆఖరున ‘వెన్ ది వైల్డ్ విండ్ బ్లోస్’. ఈ చివరి పాటలో ముసలి దంపతులు అణుయుద్ధం వస్తుందని భయపడి ఇంట్లో సరుకులు దాచుకుంటారు, గోడలు బలంగా చేసుకుంటారు. ఒకరోజు భూమి కంపిస్తే బాంబు పడిందనుకుని విషం తాగి ఒకరినొకరు పట్టుకుని చనిపోతారు. నిజానికి వచ్చింది భూకంపం. పదకొండు నిమిషాల పాట. రాగం ఎంత మెత్తగా ఉంటుందంటే, ఏదో పల్లె పాటలా మొదలవుతుంది, చివరికి తెలుస్తుంది మనం ఏం విన్నామో. ఇరవై ఐదేళ్ల కుర్రాళ్లు ఆ పాట రాయలేరు. ఇంటి తలుపులు వేసుకుని టీవీ చూసి భయపడే ముసలివాళ్లని దగ్గరగా చూసినవాళ్లే రాయగలరు.

ఆ ఏడాదే నాయన పోయాడు. మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎన్నేళ్ల నుంచి పేరుకుందో. ఆ టూర్‌లో బ్రూస్ ‘బ్లడ్ బ్రదర్స్’ పాడే ముందు, ఆ మే నెలలో పోయిన మెటల్ గాయకుడు రోనీ జేమ్స్ డియోకి అంకితం అని చెప్పేవాడు. ఆ వీడియోలు ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. వాళ్లు ఆ పాట ఎవరికి అంకితమిచ్చినా నాకు మాత్రం వరండాలో కూర్చున్న మనిషి కోసమే.

*

2015 నాటికి నేను రోజూ గచ్చిబౌలి వెళ్లొచ్చే క్యాబ్ మనిషిని. క్యాసెట్ లేదు, సీడీ లేదు, ఫోన్‌లోనే అంతా. పాటలు దొరకడం ఎంత సులువైందో వినడం అంత కష్టమైంది. అలాంటి కాలంలో వాళ్లు ‘ది బుక్ ఆఫ్ సోల్స్’ అని తొంభై రెండు నిమిషాల డబుల్ ఆల్బమ్ ఇచ్చారు. వాళ్ల మొదటి డబుల్ స్టూడియో ఆల్బమ్. రికార్డింగ్ అయ్యాక బ్రూస్ నాలుక వెనక క్యాన్సర్ గడ్డ బయటపడింది. ట్రీట్‌మెంట్ అయి, 2015 మేలో నయమైందని చెప్పేదాకా ఆల్బమ్ ఆపారు. గడ్డ అక్కడ ఉండగానే ఆ పాటలన్నీ పాడాడన్నమాట. ఆ సంగతి తెలిసి వింటుంటే ప్రతి ఎత్తు స్వరం దగ్గరా నాకు గుండె పట్టేసేది.

అందులో ఆఖరి పాట ‘ఎంపైర్ ఆఫ్ ది క్లౌడ్స్’. పద్దెనిమిది నిమిషాలు, మెయిడెన్ పాటలన్నిటిలోకీ పొడుగైంది. బ్రూస్ పియానో మీద కట్టాడు. ఆర్101 అనే బ్రిటిష్ గాలి ఓడ కథ. 1930 అక్టోబర్ 4 సాయంత్రం ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి మన దేశానికి బయలుదేరింది. చేరాల్సింది కరాచీకి. అప్పట్లో కరాచీ మన దేశంలోనిదే. దాన్ని నిలబెట్టడానికి అక్కడ పెద్ద హ్యాంగర్ కూడా కట్టించారు. తెల్లవారకముందే ఫ్రాన్స్‌లో బోవే దగ్గర నేలను తాకి మండిపోయింది. 54 మందిలో 48 మంది చనిపోయారు. వాళ్లలో బ్రిటన్ విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్ కూడా ఉన్నాడు. మన వైపు వస్తూ మధ్యలో ఆగిపోయిన ఓడ అని తెలిసినప్పటి నుంచి ఆ పాట నాకు ఇంకా దగ్గరైంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో, వానలో, కదలని క్యాబ్‌లో మొదటిసారి పూర్తిగా విన్నాను. పియానో, వయొలిన్లు, తుఫాను, డ్రమ్స్, మంటలు, మళ్లీ పియానో. డ్రైవర్ అన్న అద్దంలోంచి చూసి “సార్, సినిమానా?” అని అడిగాడు. కథ చెప్పాను. దిగేటప్పుడు పాట పేరు అడిగి రాసుకున్నాడు.

‘ది రెడ్ అండ్ ది బ్లాక్’ పాటను మాత్రం నాలుగు నిమిషాలు తగ్గించి ఉండాల్సింది. ఈ మాట శీనన్న దగ్గర అంటే ఇప్పటికీ ఒప్పుకోడు.

*

‘సెంజుత్సు’ని 2019లోనే పారిస్‌లో రికార్డు చేసి, ఎవరికీ చెప్పకుండా దాచారు. కరోనా వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో విడుదల చేశారు. అప్పటికి మన ఊళ్లలో, మన ఇళ్లలో ఎవరెవరు మిగిలారో, ఎవరు లేరో అందరికీ తెలుసు. ఓబులేసు ఆ రెండో వేవ్‌లో పోయాడు. ఆల్బమ్ వచ్చిన రోజు ఫోన్ తీసుకుని వాడికి మెసేజ్ పెట్టబోయాను.

ఆ ఆల్బమ్‌లో హారిస్ ఒక్కడే రాసిన పాటలు నాలుగున్నాయి, అన్నీ పొడుగువే. మొదట బేస్ మీద మెల్లగా ఒక రాగం, దాని మీద గిటార్ వచ్చి చేరడం, రెండు నిమిషాలయ్యాక గానీ డ్రమ్స్ అందుకోకపోవడం. ఈ పద్ధతి పాతబడిందని విమర్శకులు రాశారు. నాకు అలా అనిపించలేదు. ‘హెల్ ఆన్ ఎర్త్’ మొదలయ్యే ఆ రెండు నిమిషాల్లో నేను ఎవరెవరిని తలచుకోవాలో వాళ్లందరినీ తలచుకోగలను. మూడు నిమిషాల పాటలో ఆ తీరిక ఎక్కడిది? ఆ తర్వాత అందుకునే పరుగులో దుఃఖం ఉంది గానీ నీరసం లేదు. నా లెక్కలో అది ‘పాషెండేల్’ పక్కన నిలబడే పాట.

నిక్కోకి 2023 జనవరిలో స్ట్రోక్ వచ్చింది. శరీరం కుడి పక్క పట్టు తప్పింది. డ్రమ్మర్‌కి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది. కొన్ని నెలల్లోనే లేచి, ఆ మే నెల నుంచి మళ్లీ టూర్‌లో కూర్చున్నాడు. మునుపటి వేగం రాని చోట్ల డ్రమ్ రోల్స్ మార్చుకుని, చేతులు ఎంత సహకరిస్తే అంత వాయించుకుంటూ ఏడాదిన్నరకు పైగా నడిపించాడు. ఆ టూర్ ఇండియాకు రాలేదు. అభిమానులు ఫోన్లలో తీసిన వీడియోలే చూశాను. ఆ టూర్‌లో ‘హెల్ ఆన్ ఎర్త్’ వాయించారు, అదీ చివర్లో, జనం వెళ్లకుండా నిలబడి ఉండే సమయంలో. 2024 డిసెంబర్ 7న సావో పాలోలో వాయించి, డెబ్బై రెండేళ్ల వయసులో, టూర్లకు ఇక రానని చెప్పేశాడు. ఇప్పుడు ఆ సీట్లో సైమన్ డాసన్ కూర్చుంటున్నాడు. బాగా వాయిస్తున్నాడు, అందులో సందేహం లేదు.

మొన్న సంక్రాంతికి శీనన్న అనంతపురం వచ్చాడు. జుట్టు నెరిసింది. మిల్లు ఉన్న చోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది, లోపల ఎవరిదో పెళ్లి, డీజే మోత. మేమిద్దరం మిద్దె మీద కూర్చుని పాత వాదనే మళ్లీ పెట్టుకున్నాం. ఈ ఆరు ఆల్బమ్‌ల నుంచి ఒక్క రాత్రికి సెట్‌లిస్ట్ కట్టాలి. మొదటి పాట మీద గొడవ లేదు, ‘ది వికర్ మ్యాన్’. ఆఖరి పాట ‘బ్లడ్ బ్రదర్స్’ అని నేను, కాదు ‘హెల్ ఆన్ ఎర్త్’ అని అన్న. మధ్యలో ‘ది టాలిస్మన్’ ఉండాల్సిందేనని అన్న పట్టుబట్టాడు, అది పెడితే ‘పాషెండేల్’ తీసెయ్యాల్సి వస్తుందని నేను ఒప్పుకోలేదు. “రెండూ పెట్టు రా, గంట ఎక్కువైతే ఎక్కువైంది, ఎవరికి తొందర?” అన్నాడు. పెట్టాను. ఇప్పటికి పదహారు పాటలయ్యాయి, ‘ది రెడ్ అండ్ ది బ్లాక్’ చేర్చమని ఇంకా రోజూ మెసేజ్‌లు పెడుతున్నాడు.